ఒక్క నొక్కు

కుస్తీ అంతా ఉత్తుత్తిదే కదండీ అని ఎవరైనా అన్నారంటే మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కేది. "అవునండీ, ఉత్తుత్తిదే. నా మోకాలు కూడా ఉత్తుత్తిగానే విరిగింది, చూస్తారా?" అంటూ పంట్లాం మడవబోయేవాడు. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టి ఉంటుంది, నిజమే. కోపాలు, సవాళ్లు, తొడలు చరుచుకోవడాలు అన్నీ నటనే. కానీ కింద పరిచిన చెక్క నటించదు, దాని మీద పడ్డ వీపూ నటించదు. ఇరవై ఏళ్లు తాను పడి, ఆ తర్వాత పన్నెండేళ్లుగా పడేవాళ్లను చూస్తూ వచ్చిన మనిషి. ఆ మాత్రం కోపం రాకపోతే ఎలా?

మాస్టారంటే బడిలో మాస్టారు కాదు, రిఫరీ. చారల చొక్కా వేసుకుని ఆటగాళ్ల చుట్టూ గెంతుతూ, ఒకటీ రెండూ మూడూ అని నేల చరిచే మనిషి. జనం దృష్టిలో ఆయనో వెర్రిబాగులవాడు. ఒకడు ఇంకొకణ్ని వెనక నుంచి కుర్చీతో బాదుతుంటే సరిగ్గా అప్పుడే వంగి బూటు లేసు కట్టుకునే రకం. "ఒరేయ్ గుడ్డోడా, ఇటు చూడరా!" అని హాలు హాలంతా తిట్టిపోస్తుంది. తిట్టించుకోవడం ఆయన ఉద్యోగంలో సగం.

మిగతా సగం ఎవరికీ కనపడదు. పడినవాడి పక్కన మోకాళ్ల మీద కూలబడి, లెక్కపెట్టే నెపంతో, రెండు వేళ్లు వాడి అరచేతిలో పెట్టి నొక్కుతాడు. వాడు తిరిగి ఒక్కసారి నొక్కితే బాగానే ఉన్నాను, కానివ్వండి అని. రెండుసార్లు నొక్కితే కాస్త ఊపిరి తీసుకోనివ్వండి అని. అసలు నొక్కకపోతే మాస్టారు లేచి రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాలి, ఆట అక్కడికక్కడ ఆగిపోవాలి. నొప్పి పుట్టినట్టు అరవడమే పనైన చోట, నిజంగా నొప్పి పుట్టినవాడి అరుపు ఎవరు నమ్ముతారు? అందుకని ఈ చేతి భాష. ఏ కాగితం మీదా రాసి లేదు. పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పుకుంటూ వచ్చారంతే.

తన అక్క కొడుక్కి అది నేర్పింది మాస్టారే. అతణ్ని ఈ గోదాలోకి తెచ్చిందీ ఆయనే. ఇరవై ఆరేళ్ల మనిషి, బక్కపల్చన, గాల్లోకి ఎగిరితే కిందికి రావడం మర్చిపోయాడా అనిపించేవాడు. అందుకే అందరూ గాలిపటం అని పిలిచేవారు. కుట్టుపని చేసే వాళ్లమ్మ అతని ఆట దుస్తులకు వెనకాల ఎర్ర పట్టీ తోకలు రెండు కుట్టిపెట్టింది. "ఆ తోక పట్టుకునైనా లాక్కొచ్చి నాకు అప్పజెప్పాలి రోయ్ తమ్ముడూ" అనేది నవ్వుతూ. "నాది పూచీ" అనేవాడు ఈయన. ఎంత సులువుగా అనేశాడో!

ఆ వారం ఈ ఆటలు నడిపించే యజమాని బుర్రను కొత్త పురుగు తొలిచింది. నిచ్చెన పొట్టిగా ఉంది, టీవీలో ఆనడం లేదన్నాడు. పది మెట్ల నిచ్చెన తీసేసి పద్నాలుగు మెట్లది తెప్పించాడు. గాలిపటం దాని మీద నుంచి దూకాలి. కింద బల్ల మీద పడుకున్న ప్రత్యర్థి బండరాయి చివరి క్షణంలో పక్కకు దొర్లాలి, బల్ల విరగాలి. ఆ తర్వాత బండరాయి అతణ్ని ఎత్తి నేలకేసి కొట్టాలి, మాస్టారు మూడు లెక్కపెట్టాలి. ఇదీ రాసిపెట్టిన కథ. బండరాయి అంటే నూట ముప్పై కిలోల మనిషి. గోదాలో రాక్షసుడు, బయట చీమకు కూడా దారిచ్చి తప్పుకునేవాడు.

పరుపులు వేసి సాధన చేసింది రెండంటే రెండు సార్లు. రెండోసారి దిగాక గాలిపటం చెమట తుడుచుకుంటూ, "మావయ్యా, పైనుంచి చూస్తే బల్ల పీటంత ఉంది" అన్నాడు.

మాస్టారు వెళ్లి యజమానితో, "నాలుగు మెట్లు తగ్గిద్దాం సార్" అన్నాడు.

"భయంగా ఉంటే చెప్పమనండి, వేరేవాణ్ని చూసుకుంటా" అన్నాడు ఆయన, ఫోనులోంచి తలెత్తకుండా.

"నేనే దూకుతాను" అన్నాడు గాలిపటం వెనక నుంచి. మాస్టారు ఇంకొక్క మాట అని ఉండాల్సింది. అనలేదు.

ఆదివారం సాయంత్రం, హాలు నిండిపోయింది. గాలిపటం నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి చేతులు చాచాడు, జనం ఊగిపోయారు. దూకేటప్పుడు కుడికాలు మెట్టు మీద కొద్దిగా జారింది. కొద్దిగానే. బల్ల నడిమికి పడాల్సినవాడు అంచుకు పడ్డాడు. బల్ల విరగలేదు. మెడ వెనక భాగం అంచుకు కొట్టుకుని, మనిషి అవతలికి జారిపోయాడు. "అబ్బా!" అంది హాలంతా ఒక్క గొంతుతో, సంతోషంగా.

మాస్టారు పరుగెత్తి మోకాళ్ల మీద పడ్డాడు. చెవిలో పెట్టిన యంత్రంలో యజమాని జోరీగలా మొదలెట్టాడు. "నాలుగు నిమిషాలుంది. ముగింపు కావాలి నాకు. లైవ్‌లో ఉన్నాం, కానివ్వు, కానివ్వు!" మాస్టారు రెండు వేళ్లు మేనల్లుడి అరచేతిలో పెట్టి నొక్కాడు. ఏమీ తెలియలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఈసారి తగిలింది. ఒక్క నొక్కు, మెత్తగా. హమ్మయ్య అనుకున్నాడు. బండరాయి వైపు చూసి తలూపాడు.

బండరాయి ఎత్తాడు, నేలకేసి కొట్టాడు. మాస్టారు నేల చరిచాడు. ఒకటి. రెండు. మూడు. జనం కూడా ఆయనతో కలిసి లెక్కపెట్టారు. గంట కొట్టారు, పాట వేశారు, గాలిపటం లేవలేదు. ఎంత బాగా చేస్తున్నాడో అని ముందు వరసలో ఎవరో ఈల వేశారు.

ఆసుపత్రికి చేరేసరికే ఊపిరి లేదు. డాక్టరు మాస్టారిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. మెడ ఎముక విరిగింది, ఏ దెబ్బకు విరిగిందో ఎముకను చూసి తేల్చలేం. మొదటి దెబ్బకే విరిగితే ఆ తర్వాత చేతులు కదలవు. అలా కదపకుండా పడుకోబెట్టి తెచ్చి ఉంటే బతికేవాడేమో. "దెబ్బ తగిలాక చెయ్యి కదిపాడా?" అని అడిగాడు. కదిపాడనుకుంటా, అన్నాడు మాస్టారు.

నాలుగో రోజున యజమాని ఆఫీసుకు పిలిపించాడు. విచారణాధికారికి ఇవ్వాల్సిన వాంగ్మూలం టైపు చేసి బల్ల మీద సిద్ధంగా ఉంది.

"ఒక్కసారి నొక్కాడు అని రాశాం. నొక్కాడు కదా?"

"నొక్కినట్టే ఉంది సార్."

"ఉంది ఏంటి మాస్టారూ! నొక్కాడు. అంటే నిచ్చెన మీంచి పడ్డాక కూడా బాగానే ఉన్నాడు. కాబట్టి నిచ్చెన తప్పు లేదు, మీ తప్పూ లేదు. ఎత్తి కొట్టినవాడు సరిగ్గా కొట్టలేదు, అంతే."

"బండరాయి అలాంటివాడు కాదు సార్. నేను తలూపితేనే ఎత్తాడు."

"అయితే నొక్కలేదని చెప్పండి. నొక్కని చేతిని నొక్కిందని చెప్పి ఆట నడిపించిన రిఫరీని ఏం చేస్తారో తెలుసుగా? లోపలికి పోయేది మీరు, నేను కాదు." ఆయన కలం మూత తీసి ముందు పెట్టాడు. "వచ్చే ఆదివారం మళ్లీ నిచ్చెన ఆట ఉంది. టికెట్లన్నీ అయిపోయాయి. త్వరగా తేల్చండి."

మాస్టారు రేపు చెబుతానని బయటపడ్డాడు. వరండాలో బండరాయి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా పచ్చి మంచినీళ్లు ముట్టలేదని తోటివాళ్లు చెప్పారు. మాస్టారిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, నా చేతులతో నేనే చంపుకున్నాను కదా? మీకు బాగున్నానని చెప్పాడటగా. మరి నేనేగా చంపింది?"

అంత మనిషి చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే మాస్టారు చూడలేకపోయాడు. భుజం తట్టి తప్పించుకున్నాడు. సిగ్గు వేసింది, భయమూ వేసింది. ఏది ఎక్కువో చెప్పడం కష్టం. అబద్ధం చెప్పాలని కాదు పాపం, ఆయన నిజంగానే ఆ నొక్కు తన వేళ్లకు తగిలిందని నమ్ముతున్నాడు. కాదంటే బతకడం ఎలాగో తెలియక నమ్ముతున్నాడు.

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లాడు. మెట్లెక్కితే మూడో అంతస్తులో ఒకటే గది. కిటికీ కింద కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన ఎర్ర పట్టీ. మిషను పాదం కింద సూది గుచ్చినది గుచ్చినట్టే ఉంది. అక్క ఏడవడం లేదు. ఆమె ఏడ్చి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

"కూర్చోరా" అంది. "వాడు చివర్లో నీ చెయ్యి నొక్కాడటగా. అందరూ చెబుతున్నారు" అంది.

"ఊఁ."

"వాడి ఆఖరి మాట అదేగా తమ్ముడూ. నోటితో నాకేం చెప్పలేదు. ఎలా నొక్కాడో నాకోసారి చూపించు." మిషను బల్ల మీద చెయ్యి వెల్లకిలా పెట్టింది. వేళ్ల చివర సూది గుచ్చుకున్న పాత మచ్చలు.

మాస్టారు రెండు వేళ్లు ఆమె అరచేతిలో పెట్టి నొక్కాడు. తగిలింది. అదే నొక్కు, అంతే మెత్తగా. ఆయన మొహంలోకి నాలుగు రోజుల తర్వాత రంగు వచ్చింది.

"ఇదిగో, ఇలాగే అక్కా! ఇప్పుడు నువ్వు నొక్కావు చూడు, అచ్చం ఇలాగే నొక్కాడు."

"నేనెక్కడ నొక్కానురా?" అంది అక్క. "చెయ్యి ఇచ్చి ఊరుకున్నాను."

మాస్టారు మళ్లీ నొక్కాడు, ఇంకా గట్టిగా. మళ్లీ తగిలింది. ఆమె వేళ్లు కదలలేదు, ఆయన కళ్లప్పగించి చూస్తూనే ఉన్నాడు. తన బలమే ఆ మెత్తని అరచేతికి తగిలి తిరిగొచ్చి తన వేళ్లలో తెలుస్తోంది. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా జవాబు. పన్నెండేళ్లుగా ఎన్ని చేతులు నొక్కాడో, ఎన్ని జవాబులు తనవే తనకు వచ్చాయో.

ఇక్కడ నోరు మూసుకోవచ్చు. కన్నతల్లికి కొడుకు ఆఖరి నొక్కు మిగిలిపోతుంది, తనకు చారల చొక్కా మిగిలిపోతుంది. బండరాయి సంగతా? ఏడ్చి ఏడ్చి ఊరుకుంటాడు. వచ్చే ఆదివారం ఇంకెవరో పద్నాలుగో మెట్టు ఎక్కుతారు.

"వాడూ నొక్కలేదక్కా" అన్నాడు మాస్టారు. "చెయ్యి ఇచ్చి ఊరుకున్నాడు. నేనే నొక్కుకున్నాను. బాగానే ఉన్నాడని నేనే చెప్పాను. వాడు అప్పటికి బతికే ఉన్నాడేమో అక్కా, నేనే ఎత్తించాను."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ అరచేతినే చాలాసేపు చూసుకుంది. కింద వీధిలో ఎవరో బండి హారను కొడుతూనే ఉన్నారు.

"విచారణ ఎన్నింటికి?"

"రేపు పదకొండింటికి."

"నేనూ వస్తాను" అంది. "ఇప్పుడు వెళ్లు."

విచారణ గదిలో యజమాని, ఆయన లాయరు ఒక పక్క కూర్చున్నారు. బండరాయి చివర కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. టైపు చేసిన వాంగ్మూలం మాస్టారు సంతకం లేకుండానే తిరిగి ఇచ్చేశాడు. విచారణాధికారి ఒక పెద్దావిడ. ఆమెను చెయ్యి చాపమని అడిగి, నొక్కి చూపించాడు. "మీరు నొక్కారా అమ్మా?" అన్నాడు. "లేదే" అంది ఆమె, తన చేతికేసి వింతగా చూసుకుంటూ. "నాకు నొక్కినట్టే ఉందండీ. ఆ రోజూ అలాగే ఉంది. బండరాయి తప్పేమీ లేదు, నేను తలూపితే ఎత్తాడు. నిచ్చెన ఎక్కువైందని నాకు ముందే తెలుసు, ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. ఇక మీదట చేతితో కాదు, నోటితో అడగాలండీ. జవాబు రాకపోతే ఆపేయాలి, లైవ్ అయినా సరే, ఏదైనా సరే. రాసుకోండి."

యజమాని లేచి ఏదో అరవబోయాడు, లాయరు చెయ్యి పట్టుకుని లాగాడు. నిచ్చెనకు సీలు వేయమని, ఆదివారం ఆట ఆపమని అధికారి అక్కడే రాయించింది. మాస్టారిని సోమవారం పోలీసు స్టేషనుకు రమ్మంది. బండరాయి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

తిరుగు బస్సులో అక్కా తమ్ముళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె దిగాల్సిన చోట బస్సు కుదుపుతో ఆగింది. తూలిపోకుండా ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేచింది. ఆ చేతిలో ఏదో తగిలినట్టయింది మాస్టారికి. నిజమో తన వేళ్లదో తెలియలేదు. నోటితోనే అడిగాడు.

"అక్కా, నొక్కావా?"

ఆమె మెట్ల దగ్గర ఆగి, ఆ రోజుకు మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది.

"లేదు" అని చెప్పి దిగి వెళ్లిపోయింది.