పరదా కారు

దొర తండ్రి కొన్న కారుకు ఆ ఎండాకాలం ఇంజను పోయింది. అదే కంపెనీ చేసిన, పదేళ్ల తర్వాతి కారొకటి నల్లగొండ దగ్గర చెట్టును గుద్దుకుని పడి ఉంటే, దొర దాని ఇంజను పీకించి తెప్పించాడు.

"గేరుపెట్టె గూడ గా కారుదే తెస్తె మంచిగుంటది దొరా. మన పాతదానికి దీనికి బోల్టుల తూట్లు కలుస్తలేవు" అన్నాడు మేస్త్రి.

"గా గేరుకడ్డీ మా నాయిన పట్టింది. కంపెనీ ఒకటే గదరా, ఎందుకు కలువదు?"

"నీ బాంచెన్, కలుస్తది."

ఆ గడీలో దొర మాట కాదన్నవాడు లేడు. ఇనుము మాత్రం ఎందుకు కాదంటుందని దొర ధీమా. మేస్త్రి కొత్త తూట్లు పొడిచి, ఇరుసును ఆకురాయితో అరగదీసి, ఎలాగో బిగించి బతుకుజీవుడా అని వెళ్లిపోయాడు. దొర కొబ్బరికాయ కొట్టించాడు. మేడ మీది నుంచి చూసిన దొరసాని శ్యామలమ్మ, ఈ మనిషితోనా ఇన్నేళ్లు కాపురం చేసింది అనుకుంది.

వానాకాలంలో, దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లు పక్కూరి గడీని పట్టుకున్నారు. తెల్లారేసరికి ఇక్కడి కాపలావాళ్లలో ఒక్కడూ లేడు. నల్లగొండ చేరితేనే ప్రాణాలు దక్కుతాయి. దొర, దొరసాని కారెక్కారు.

డ్రైవరు లింగస్వామి ఒకటో గేరు వేశాడు. గర్రుమని తన్నేసింది. రెండు, మూడు కూడా అంతే.

"రివర్సు ఒక్కటే పట్టుకుంటాంది దొరా."

"గట్లనే పోనీయి."

"ఎనక అద్దానికి పరద ఉన్నది. తొవ్వ కనవడది. తీయాలె."

"దొరసానిని ఊరంత చూడాలెనారా? ముయ్యి నోరు."

గడీ ఆడవాళ్లు పరాయి కంట పడకూడదు. చావు తరుముకొస్తున్నా పడకూడదట. లింగస్వామి తల బయటపెట్టి పోనిచ్చాడు. కారు వెళ్లి గేటు స్తంభానికి కొట్టుకుంది. పక్కూరి దిక్కు నుంచి కేకలు దగ్గరవుతున్నాయి. శ్యామలమ్మకు ఒళ్లు మండింది. వెనక్కి తిరిగి పరదాను తాడుతో సహా పీకేసింది.

"ఇగ పో లింగస్వామీ."

కారు వెనక్కి వెనక్కి బజారులోకి వచ్చింది. దొర కారొస్తే చెప్పులు చేతబట్టి తలలు దించుకునే ఊరది. ఇవాళ ఎవరూ దించలేదు. వాకిలి ఊడుస్తున్న గోపమ్మ చీపురు కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఇన్నేండ్లకు నీ మొకం చూస్తి దొరసానీ" అంది. శ్యామలమ్మకు ఎందుకో ఆ మాట హాయిగా అనిపించింది.

దొర సీట్ల మధ్యకు జారి ముడుచుకున్నాడు. "పరద కట్టు. నన్ను చూస్తున్నరు."

దొరసాని పరువు గురించి అరిచిన నోరే అది. ఆమె పరదాను అతని ఒళ్లో పడేసింది.

"తాడు తెగింది. కప్పుకోన్రి."

దొర నెత్తి నుంచి కాళ్ల దాకా కప్పుకున్నాడు. శ్యామలమ్మ కొంగైనా సర్దుకోకుండా వెనక అద్దంలోంచి దారి చూస్తూ కూర్చుంది.

"జర కుడికి, లింగస్వామీ" అంది.