మూత లోపలి గీత

"ఇది మా తాత వాచీ కాదు," అని లీలారాణి అనడం అది మూడోసారి. ఫోన్‌లో పోలీసు స్టేషన్ నంబరు తీసి పెట్టుకుంది. నొక్కడమే తరువాయి.

గణపతిరావు మాస్టారు కంగారుగా వాచీని మరోసారి తిప్పి చూశారు. యుద్ధకాలం నాటి సైనికుల చేతి వాచీలు సేకరించడం ఆయనకు ఇరవై ఏళ్ల పిచ్చి. విజయనగరంలోని ఆయన ఇంటి ముందుగదిలో అద్దాల బీరువా నిండా అవే. అమ్మడానికి మనసొప్పని కుటుంబాలు పదకొండు, లీలారాణి వాళ్లతో సహా, కేవలం ఆయన మాట మీద వాచీలు ఇచ్చి ఉంచాయి. ఒక్కటి మారిందని తెలిస్తే చాలు, అందరి నోటా ఆయనే దొంగ.

"వెనక మిలట్రీ బాణం గుర్తు ఉంది. నంబరూ అదేనమ్మా."

"నంబరు ఎవడైనా సెక్కుతాడు మాస్టారూ. ఇటు సూడండి." ఆమె వాచీని దోసిట్లో మూసి వేళ్ల సందులోంచి చూపించింది. అంకెలు పచ్చగా మెరుస్తున్నాయి. "మా తాత బర్మాలో మిలట్రీ లారీ తోలినప్పుడు ఎలిగేయేమో. ఆనక సాలూరులో లారీ తోలినన్నాళ్లూ నాను సూసాను, సీకట్లో ఒక్క అంకె ఎలగలేదు. సచ్చిపోయిన రేడియం మీ బీరువాలో మూడో రోజున తిరిగి లేచిందేటి?"

మాస్టారికి భయం పోయి కుతూహలం పుట్టింది. నిజమే, ఎనభై ఏళ్ల నాటి పూత వెలగదు. మరి దీన్ని తయారుచేసిందెవరు? బీరువా తాళం ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది. వాచీ గడప దాటింది పోయిన నెల ఒక్కసారే, కోట దగ్గర ధనరాజ్ రిపేరు షాపుకు.

కబురందుకుని ధనరాజ్ పావుగంటలో వచ్చాడు.

"నానేటి సేసాను మాస్టారూ? తోలు పట్టీ తెగింది, కొత్తది ఎయ్యమన్నారు, ఏసాను. మూత ముట్టుకోలేదు."

"అసలు విప్పనే లేదా?"

"మా అమ్మ తోడు."

మాస్టారు సన్నటి కత్తి తీశారు.

"ఇప్పకండి, లోపలికి తేమ ఎలిపోద్ది!"

"నకిలీదానికి జలుబు చేస్తే నీకేంట్రా?"

మూత టప్పున ఊడింది. లోపలివైపు సూదితో గీసిన చిన్న నక్షత్రం. పక్కన పోయిన నెల తేదీ. మాస్టారు తన చేతి వాచీ తీసి, దాని మూత కూడా విప్పి పక్కన పెట్టారు. ఏటా ధనరాజ్ శుభ్రం చేసే వాచీ అది. అదే నక్షత్రం.

"చేసిన ప్రతి వాచీ లోపలా గుర్తు గీసి తేదీ వేసుకోవడం మీ పనివాళ్ల అలవాటు. ముప్పై ఏళ్లు గీసిన చెయ్యి, దొంగపని చేస్తూ కూడా ఊరుకోలేదు కదరా!"

ధనరాజ్ గుమ్మం వైపు చూశాడు. లీలారాణి అక్కడ అడ్డంగా నిలబడి అప్పటికే నంబరు నొక్కేసింది.

"ఎవరి మీదమ్మా కంప్లైంటు?" అవతలి గొంతు గదిలో అందరికీ వినిపించింది.

ఆమె ఒకసారి మాస్టారి వైపు చూసింది. అరగంట క్రితమైతే చెప్పే పేరు ఆయనదే.

"కోట దగ్గర వాచీల షాపు ధనరాజ్," అంది.