నూట తొంభై గుర్రాలూ ఒక కేరియరూ

నేను ఒక బూడిద రంగు ఎస్‌యూవీని. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో త్రినాథ్ ఇంటి పోర్టికోలో ఉంటాను. నా ముక్కుకు మూడడుగుల దూరంలో ఆ ఇంటి భోజనాల గది కిటికీ. దాని రెక్క ఒకటి సరిగా పడదు. అందుకని ఆ ఇంట్లో ఏ కూరలో ఉప్పు తగ్గిందో, ఎవరి మీద ఎవరికి కోపం వచ్చిందో అన్నీ నా చెవిన పడుతుంటాయి.

ఆ రోజు గొడవ మజ్జిగపులుసు మీద వచ్చింది.

"మూత సరిగ్గా పెట్టలేదు నువ్వు," అన్నాడు త్రినాథ్. నా వెనక సీటును తడిగుడ్డతో మూడోసారి తుడిచి అప్పుడే లోపలికి వెళ్ళాడు.

"పెట్టాను," అంది హైమావతి.

"పెడితే ఎలా ఒలుకుతుంది? లెదరు సీటది. పసుపు మరక ఇంక జన్మలో పోదు."

"క్లిప్పు కూడా బిగించాను. బిగించాక ఓసారి వంచి చూశాను. రోజూ చూస్తాను."

"అయితే పులుసు దానంతటదే లేచి బయటికి వచ్చిందా?"

"వచ్చి నా ఒళ్ళో కూకుంది," అని అందుకుంది నూకరత్నమ్మ, త్రినాథ్ తల్లి. "మొన్న కొన్న సీర. ఓలమ్మ, ఏం దూకు దూకిందిరా బండి! కేరియరటు, నేనిటు."

"మధ్యాహ్నం నేను ఉత్తన్నం తిన్నాను. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు," అంది కూతురు లాస్య.

మూత బిగించే ఉంది. అది నాకు తెలుసు. ఏడాదిగా ఆ కేరియరు నా వెనక సీటులో నూకరత్నమ్మ పక్కన నిలబడి లాస్య కాలేజీ దాకా ప్రయాణం చేస్తోంది. ఒక్కసారీ పడలేదు. ఆ రోజు ఎందుకు పడిందో నాకు తెలుసు. ఆ గదిలో ఇంకొకరికి కూడా తెలుసు. ఆ ఇంకొకరే మూత గురించి అంత గట్టిగా మాట్లాడుతున్నారు.

సంగతి మొదటి నుంచి చెబుతాను. నేను పుట్టింది అందరిలాగే ఒక ఫ్యాక్టరీలో. పుట్టినప్పుడు నా ఇంజను బలం నూట యాభై గుర్రాలు. మనుషులు గుర్రాలు ఎక్కడం మానేసి తరాలు దాటింది గాని, లెక్క మాత్రం వాటితోనే కడతారు. మొదట నన్ను కొన్నవాడు హైదరాబాదు కుర్రాడు. నన్ను నడిపిన దానికంటే కడిగిందే ఎక్కువ. పెళ్ళి కుదరగానే, మావగారు ఇంకా పెద్ద కారు పెడుతున్నారని నన్ను అమ్మేశాడు. అలా త్రినాథ్ చేతికొచ్చాను.

త్రినాథ్‌కు దొండపర్తిలో బేరింగుల కొట్టు ఉంది. మనిషి నెమ్మది. కొట్టులో ఎవరితోనూ గొంతు పెంచడు. కాని స్టీరింగు పట్టుకోగానే లోపల ఎవరో ఇంకొకతను మేలుకుంటాడు. ఆ ఇంకొకతను రాత్రిపూట ఫోనులో వీడియోలు చూసేవాడు. ఫలానా ఊళ్ళో ఫలానావాడు ఇదే కారుకు ట్యూనింగు చేయించుకున్నాడని, దూసుకుపోతోందని.

పొద్దున్నపూట మాత్రం నేను హైమావతి బండిని. ఆమె నలభై నాలుగో ఏట నామీదే డ్రైవింగు నేర్చుకుంది. మొదటిసారి లైసెన్సు పరీక్ష తప్పింది. రెండోసారి వెళ్ళేముందు వారం రోజులు, వెనక్కి తీసే మలుపు కోసమని, ఈ పోర్టికోలోకి నన్ను ఇరవైసార్లు తెచ్చి ఇరవైసార్లు బయటికి తీసింది. ఏడున్నరకు ముగ్గురూ ఎక్కుతారు. మోకాలి ఆపరేషనైన నూకరత్నమ్మను యెండాడలో ఫిజియోథెరపీ దగ్గర దించాలి, లాస్యను కేరియరుతో సహా కాలేజీ దగ్గర దించాలి, తిరిగొస్తూ అత్తగారిని ఎక్కించుకోవాలి. పదింటికి తాళం త్రినాథ్‌కు అందాలి. ఆ రెండున్నర గంటలు ఆమెకు ఎంత ఇష్టమో ఎవరితోనూ అనలేదు. మెయిన్‌రోడ్డు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తుంది. అందుకే నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఏదో పెళ్ళికని త్రినాథ్ నన్ను ఒక్కడే హైదరాబాదు తీసుకెళ్ళాడు. ముహూర్తానికి ముందురోజు ఒక షెడ్డులో నా ముందు చక్రాలను రోలర్ల మీద కట్టేశారు. ఒకతను ల్యాప్‌టాప్ వైరు తెచ్చి నా మెదడుకు తగిలించాడు. ఒక్క స్క్రూ విప్పలేదు, ఒక్క నట్టు బిగించలేదు. రాతలు మార్చాడు, అంతే. ఇంత తొక్కితే ఇంత పెట్రోలు, ఇంత గాలి అని నాకు చిన్నప్పటి నుంచి చెప్పిన లెక్కలన్నీ చెరిపి కొత్తవి రాశాడు. సాయంత్రానికి నేను నూట తొంభై గుర్రాలయ్యాను.

అబద్ధం ఎందుకు, నాకు సంతోషంగానే ఉండింది. తిరుగు ప్రయాణంలో త్రినాథ్ పాట పాడుకుంటూ వచ్చాడు. ఇంటి ముందు దిగి, "సర్వీసింగు చేయించాను, బాగా లాగుతోంది," అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఆమె తీయించేయమంటుందని భయం. మర్నాడు పొద్దున్న ఆమె ఎప్పుడూ తొక్కినంతే తొక్కింది. నేను కొత్త లెక్క ప్రకారం దూకాను. పులుసు ఒలికింది.

ఆ గొడవ అక్కడితో ఆగలేదు. మర్నాడూ దూకాను. మూడోనాడు వర్షపు తడిలో నా ముందు టైర్లు కీచుమన్నాయి. నూకరత్నమ్మ పై హ్యాండిల్ పట్టుకుని, "ఏటమ్మా హైమా, నడుపుతున్నావా, దూకిస్తున్నావా? నాకున్నవి రెండే మోకాళ్ళు. అందులో ఒకటి డాక్టరు పెట్టింది," అంది. నాలుగోనాటి నుంచి ఆవిడ ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టింది. కోడలి బండి గేటు దాటుతుంటే, ఆవిడ వరండాలో కూర్చుని ఆటో కోసం ఎదురుచూడటం వీధివీధంతా చూసింది.

హైమావతి తనకేమైందో వెతకడం మొదలుపెట్టింది. చెప్పులు మార్చింది. చెప్పులు విప్పేసి వట్టి పాదంతో నడిపింది. సీటు ఒక అంగుళం వెనక్కి జరిపింది, మళ్ళీ ముందుకు జరిపింది. బ్రేకు తొక్కినప్పుడల్లా కొత్త లెక్క వల్ల నా పొగగొట్టం పట్‌పట్‌మంటుంటే, తను ఏదో తప్పుగా తొక్కడం వల్లేననుకుని ఉలిక్కిపడింది. చివరికి ఒకరోజు సిగ్నలు దగ్గర కుడికాలు పైకి తీసి అరికాలును గిల్లి చూసుకుంది. వాళ్ళ నాన్నకు సుగరు. చివరి రోజుల్లో ఆయనకు కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు.

ఆ సాయంత్రం కిటికీలోంచి విన్నాను.

"సుగరు పరీక్ష చేయించుకుంటానండీ. నా కాలికి స్పర్శ తగ్గినట్టుంది. ఎంత తొక్కుతున్నానో తెలియడం లేదు."

నేను త్రినాథ్ గొంతు కోసం ఎదురుచూశాను.

"మంచిదే," అన్నాడతను. "ఈ వయసులో ఓసారి చూపించుకోవాలి."

"అందులో ఏదైనా వస్తే, వచ్చే నెల నుంచి డ్రైవరును పెట్టండి. నేను మానేస్తాను."

మర్నాడు త్రినాథ్ కొట్టు ముందు నన్ను ఆపి, దిగకుండా పది నిమిషాలు కూర్చున్నాడు. ఫోను తీశాడు. ఇంటి నంబరు దగ్గర వేలు ఆగింది. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బలం పెంచుకోవడానికి ఐదు వందల కిలోమీటర్లకు పైగా వెళ్ళిన మనిషికి ఆ ఒక్క నంబరు నొక్కే బలం లేకపోయింది.

పరీక్షలో ఏమీ రాలేదు. డాక్టరు సన్నటి నైలాను దారంతో అరికాలి మీద పది చోట్ల తాకించి చూశాడు. పదిచోట్లా ఆమె కళ్ళు మూసుకుని సరిగ్గా చెప్పింది. ఆ రిపోర్టు దాచుకుందామని నా డాష్‌బోర్డు అర తెరిచింది. ఇన్సూరెన్సు కాగితాల అడుగున ఒక మందపాటి కాగితం మడతపెట్టి ఉంది. తీసి విప్పింది.

అది నా గ్రాఫు. హైదరాబాదు షెడ్డువాడు ఇచ్చింది. హైమావతి బీఎస్సీలో ఫిజిక్సు చదివింది. అడ్డంగా ఇంజను వేగం, నిలువుగా బలం. నీలం గీత ముందటిది, ఎర్ర గీత తర్వాతది. నీలం గీత మెల్లగా కొండెక్కుతోంది. ఎర్ర గీత కొంచెం దూరం నేలబారుగా నడిచి, హఠాత్తుగా గోడలా నిలబడింది. ఆమె గోరుతో ఆ గోడ మొదలును నొక్కింది. రోజూ గేటు దాటి మెయిన్‌రోడ్డెక్కేటప్పుడు నా ఇంజను ఉండేది సరిగ్గా అక్కడే. పైన తేదీ చూసింది. కింద త్రినాథ్ సంతకం చూసింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గ్రాఫును మడతల ప్రకారమే మడిచి, తన రిపోర్టును దానిమీద పెట్టి, అర మూసింది. తర్వాత కుడికాలు చూసుకుని, "పాపం నిన్ను అన్నాను," అంది. నన్ను కాదు. కాలిని.

ఆ మర్నాటి నుంచి లాస్యను దించాక ఆమె నేరుగా ఇంటికి రాలేదు. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, సీట్ల మధ్య గుంటలో నిలబెట్టి, రుషికొండ వైపు ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళేది. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. మొదటిరోజు సగం గ్లాసు పోయింది. గోడ ఎక్కడుందో ఇప్పుడు ఆమెకు తెలుసు. దానికి ముందే పాదం తేలిక చేసి, నన్ను గోడెక్కనిచ్చి, అప్పుడు మళ్ళీ మెల్లగా నొక్కేది. నాలుగు రోజులకు గ్లాసు అంచు మాత్రమే తడిసింది. తొమ్మిదో రోజు చుక్క ఒలకలేదు. నన్ను పక్కకు ఆపి ఆ నీళ్ళు తాగింది. నా నూట తొంభై గుర్రాల కళ్ళాలూ ఆ పాదం కిందికి వచ్చాయి. షెడ్డులో రోలర్ల మీద కలిగిన సంతోషం దీని ముందు చిన్నదే.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. మజ్జిగపులుసే. వడ్డించాక ఆమె బయటికొచ్చి నా అరలోంచి రెండు కాగితాలూ తీసుకెళ్ళి త్రినాథ్ కంచం పక్కన పెట్టింది.

"ఏటవి?" అంది నూకరత్నమ్మ.

"ఒకటి నా కాలి గ్రాఫు, ఒకటి బండి గ్రాఫు అత్తయ్యా. నా కాలు బాగానే ఉంది."

లాస్య వంగి చూసింది. "నాన్నా, ట్యూన్ చేయించావా? అమ్మకు చెప్పకుండానా?"

త్రినాథ్ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "చెబుదామనే..." అన్నాడు.

"సుగరు పరీక్షకు వెళ్తానన్నప్పుడు కూడానా?" అంది హైమావతి. గొంతు పెంచలేదు.

అతను ఎడమచేత్తో గ్రాఫును బోర్లా తిప్పాడు. "తప్పే," అన్నాడు. "నేను ఆ రోజే చెప్పాల్సింది. రేపే తీయించేస్తాను."

"అక్కర్లేదు. నాకది అలవాటైంది. బాగుంది కూడా." ఆమె తన కంచంలో పులుసు పోసుకుంది. "కాని వారం రోజులు పొద్దున్నపూట బండి మీరు నడపండి. వెనక సీటులో అత్తయ్య, పక్కన కేరియరు. ఏడు రోజులూ ఒలక్కపోతే ట్యూనింగు ఉంచుకుందాం. ఒక్కరోజు ఒలికినా, హైదరాబాదు నేనే తీసుకెళ్ళి పాత లెక్క రాయిస్తాను. వారం తర్వాత మాత్రం, ఏదైనా సరే, పొద్దున్నపూట తాళం నాది. డ్రైవరు అక్కర్లేదు."

నూకరత్నమ్మ కొడుకు వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసింది. ఆటో కోసం వరండాలో కూర్చున్న పొద్దున్నలన్నీ ఆవిడ ముఖంలో కనపడి ఉంటాయి. కిటికీ రెక్క అడ్డమై నాకు కనపడలేదు. మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

"హైమా, రేపు నేను పాత సీర కట్టుకుంటాను గాని, నువ్వొక్క పని సెయ్యి. పులుసున్న ఆ పై గిన్నెకు మూత పెట్టకు."