తోడల్లుడి టూలు

రోషన్‌ని బెల్లం మిల్లులో ఉద్యోగానికి పెట్టించింది జాబేజే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపించేది అతనికి. తోడల్లుడు గదా, ఖాళీగా ఉన్నాడు గదా అని చేరదీస్తే, వాడు చేరి నెత్తిన కూర్చున్నాడు.

చోడవరం నుంచి కె.కోటపాడు వెళ్ళే రోడ్డులో గణపతిరావు గారి మిల్లు అది. చెరకు తోలిన రైతుల పేర్లు, బరువులు, చెల్లింపులు అన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని కట్టింది జాబేజు. కట్టడమంటే ప్లాను గీసుకుని కట్టలేదు. ఒక్కో సీజన్‌కి ఒక్కో టేబుల్, అంటే ఒక్కో లెక్కల పట్టిక, తగిలిస్తూ, పాత ఇంటికి వసారాలు దించినట్టు పెంచుకుంటూ పోయాడు. ఏ టేబుల్ దేనితో కలుస్తుందో అతని బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే కంప్యూటర్ మొరాయించిందంటే గణపతిరావు గారి నోట వచ్చే మొదటి మాట, "జాబేజేడి?" ఆ పిలుపు మీదే అతను బతుకుతున్నాడు. జీతం తర్వాతి సంగతి.

ఇప్పుడు ఆ పిలుపుకే ముప్పొచ్చింది. రైతులకి ఫోన్లో లెక్కలు కనబడేలా యాప్ చేసిపెడతామన్న విశాఖపట్నం వాళ్ళు, ముందు మీ డేటాబేస్ బొమ్మ ఒకటి కావాలన్నారు. ఏ టేబుల్ దేనితో కలుస్తుందో గీతలతో సహా ఉండాలట. ఉన్న డేటాబేస్‌ని చదివి బొమ్మ గీసిపెట్టే టూల్స్ బోలెడున్నాయి.

"మీరిద్దరూ సూసి, ఏది మంచిదో సెప్పండి. ఎవుల టూలు బాగుంటే ఇకమీదట ఆ సిస్టమంతా ఆలే సూసుకుందురు," అన్నారు గణపతిరావు గారు. జాబేజుకి ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చినవాడితో తనకి పోటీయా!

జాబేజు ఒక టూలు తెచ్చి నడిపించాడు. తెర నిండా టేబుల్‌కొకటి చొప్పున డబ్బాలొచ్చాయి, ఒక్క గీతా రాలేదు. ఎందుకొస్తుంది? డేటాబేస్‌లో రూలుగా రాసి ఉన్న సంబంధాలనే ఆ టూలు గీస్తుంది. జాబేజు ఒక్క రూలూ రాయలేదు, రాస్తే ఈ మిల్లు నడవదు గనక. ఇక్కడ ట్రాక్టర్ రాగానే ముందు కాటా వేస్తారు. ఆ చెరకు ఎవరిదో సాయంత్రం రైతు వచ్చి చెప్పాక పేరు ఎక్కిస్తారు. పేరు లేకుండా బరువు రాయకూడదని రూలు పెడితే బళ్ళన్నీ రోడ్డు మీదే నిలబడిపోతాయి.

రోషన్ చూసిన టూల్లోనూ మొదట డబ్బాలే వచ్చాయి. కానీ అందులో బొమ్మ మీద మనమే గీతలు పెట్టుకోవచ్చు. అసలు డేటాబేస్‌ని అది ముట్టుకోదు.

"ఇది మనకి సరిపోతాది అన్నయ్యా. నువ్వు సెప్తుంటే నేను గీస్తాను," అన్నాడు రోషన్.

మంచి టూలే. మంచిదని జాబేజుకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అందుకే, "సేత్తో గీసేదానికి టూలెందుకురా, సాక్‌పీసు సాలదేటి?" అని కొట్టిపారేశాడు.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నారు. అత్తగారు వరమ్మ రోషన్ కంచంలో మళ్ళీ కూర వడ్డిస్తూ, "మా సిన్నల్లుడు మిల్లుకి కొత్తదేదో తెచ్చేడట గదా," అని మురిసిపోయింది.

"ఆ మిల్లులో మా ఆయన కూడా ఉన్నారమ్మా," అంది జాబేజు భార్య డెబోరా.

ఆవిడ వెనకేసుకొచ్చిందే, కానీ ఆ 'కూడా' అతనికి గుచ్చుకుంది. పనుందని చెప్పి లేచిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం కాటా మూసి ఉంటుంది. ఆ ఖాళీలో మిల్లుకొచ్చి, బుద్ధున్నవాడెవడూ చెయ్యని పని చేశాడు. బొమ్మలో గీతలు రావడం కోసం డేటాబేస్‌లోనే రూళ్ళు రాసేశాడు. పాత లెక్కల జోలికి పోకుండా, కొత్తగా పడే బరువులకే వర్తించేలా రాశాడు. బొమ్మ తీసుకున్నాక చెరిపేద్దామనే అనుకున్నాడు, పాపం. కానీ టూలు నొక్కగానే డబ్బా నుంచి డబ్బాకి గీతలు బారులు తీరేసరికి మతిపోయింది. దాన్ని రంగుల్లో ప్రింటు తీసి, పైన తన పేరు వేసుకుని, రేపు రోషన్ మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు. రూళ్ళు అక్కడే ఉండిపోయాయి.

సోమవారం పొద్దున్నే మేడ మీద గదిలో గణపతిరావు గారి ముందు ఆ కాగితం పరిచాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగుందయ్యా! ఇదే కాయం సేసీ," అన్నారు. పక్కన నిలబడ్డ రోషన్ మొహం మాడలేదు. ఆ గీతల వైపే వింతగా చూస్తున్నాడు.

అంతలో కాటా చూసే సత్యారావు రొప్పుతూ వచ్చాడు. "బాబూ, బరువు కొడతంటే కంప్యూటర్ తీసుకోటం లేదు! బళ్ళు రోడ్డు దాకా నిలబడిపోయేయి. రైతులు తిడతన్నారు."

"జాబేజూ, ఏటిది?" అన్నారు గణపతిరావు గారు.

చెరపకుండా వదిలేసిన రూళ్ళు జాబేజుకి అప్పుడు గుర్తొచ్చాయి. కాగితం అంచు సవరిస్తూ అక్కడే నిలబడ్డాడు. రోషన్ అతని మొహం ఒకసారి, బొమ్మ ఒకసారి చూసి, మాట్లాడకుండా కిందకి పరిగెత్తాడు. రూళ్ళు తీసేసినట్టున్నాడు, కాసేపటికి కాటా మీద మొదటి ట్రాక్టర్ ఎక్కిన చప్పుడు వినబడింది.

రోషన్ పైకొచ్చాక గణపతిరావు గారు కేకలేశారు. "ఎవడు ముట్టుకున్నాడ్రా దాన్ని?"

"నేనే సార్," అన్నాడు రోషన్. "బొమ్మ కోసం ఏదో ట్రై సేసేను. తప్పైపోయింది."

ఆయన తిట్ల వాన కురిపించారు. జాబేజు నోరు మూసుకుని ఉంటే చాలు. పిలుపు తనదే, పెత్తనం తనదే. అతను కోరుకున్నది సరిగ్గా ఇదే. కానీ తిట్లు తింటూ తలొంచుకున్న రోషన్ని చూస్తే ఓర్చుకోలేకపోయాడు. టూలూ వాడిదే బాగుండాలి, అత్తగారి కూరా వాడికే పడాలి, ఇప్పుడు మంచితనం కూడా వాడిదేనా? తను జీవితాంతం వాడి దయ మీద కుర్చీలో కూర్చోవాలా?

"ఆడు కాదు సార్, నేను," అన్నాడు జాబేజు. నిజాయితీ పొంగుకొచ్చి కాదు, ఆ ఒక్కటీ వాడికి దక్కనివ్వలేక. "గీతలు రావాలని నిన్న నేనే రూళ్ళు రాసేను. తియ్యటం మర్సిపోయేను."

గణపతిరావు గారు ఆ కాగితాన్ని పక్కకి జరిపారు. "రోషనూ, నీ టూలే తీసుకో. ఇకనించి సిస్టమ్ నువ్వు సూసుకో."

మెట్లు దిగుతుంటే రోషన్ వెనకే వచ్చాడు. "ఎందుకు సెప్పేసేవు అన్నయ్యా? నన్ను నాలుగు తిట్టి ఊరుకుందురు గదా."

జాబేజు ఇంకో రెండు మెట్లు దిగాడు.

"ఇంట్లో ఈ మాట నా నోటంట రాదులే," అన్నాడు రోషన్.

రాదని జాబేజుకి తెలుసు. వచ్చేదైతే ఎంత బాగుండేది! వాణ్ణి హాయిగా తిట్టుకుంటూ బతికేవాడు.