దొంగిలిస్తేనే బతికే తీగ

మనీషకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తను అటు తిరిగిన నిమిషంలో పిల్లకు ఏమన్నా అవుతుందని. అందుకే బియ్యం కడిగేటప్పుడు కూడా చేతులు గిన్నెలో, కళ్లు పిల్ల మీద పెడుతుంది. రోజూ గుప్పెడు బియ్యం మోరీలో పోతాయి.

పిల్ల పేరు భాగ్యశ్రీ, రెండున్నరేళ్లు. మనీష భర్త సంతోష్ మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. వాళ్ల గది వెనక చారెడు జాగా, దానికి అడ్డంగా ఇనుప రేకుల కంచె. బిల్డింగ్ కట్టేటప్పుడు నిలబెట్టిన రేకులవి. బిల్డింగ్ పూర్తయింది గాని రేకులు కదల్లేదు. తుప్పు పట్టి, అంచులు రంపంలా లేచాయి. ఒక రేకు మీద ఏదో పాత ప్రకటన చెరిగిపోయి, నవ్వుతున్న మనిషి పళ్లు మాత్రం మిగిలాయి. భాగ్యకు ఆ పళ్లంటే ప్రాణం. నిద్ర లేస్తే వాటిని తడమడానికి ఉరుకుతుంది. మనీష దాని వెనక ఉరుకుతుంది.

రేకుల సంగతి సంతోష్ అసోసియేషన్ సెక్రటరీ జగదీశ్వర్ గారి చెవిన వేశాడు. మీటింగ్‌లో పెడదామన్నారాయన. మీటింగ్ నాలుగుసార్లు జరిగింది. నాలుగుసార్లూ, లిఫ్టులో తడిపింది ఎవరి కుక్క అన్న చర్చతోనే తెల్లారింది.

మనీష చదువు తొమ్మిదిలోనే ఆగినా, తీసెయ్యలేనిదాన్ని కప్పెయ్యొచ్చని ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. చిక్కడపల్లి పోయే దారిలో, రెండు సందుల అవతల, అనసూయమ్మ గారి గేటు మీద రాధామనోహరం తీగ గుత్తులు గుత్తులుగా పూస్తుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. పిల్లను చంకనేసుకుని పోయి ఒక కొమ్మ అడిగింది.

అనసూయమ్మ నారాయణగూడలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఆ సందులో ఎవరికీ లేదు. కొమ్మ ఇచ్చింది గాని, బతకదని ముందే చెప్పింది. అట్లే అయింది. వారానికల్లా అగ్గిపుల్లలా ఎండిపోయింది.

"నేను చెప్పలేదా? అడిగి తీసుకున్న కొమ్మ బతకదు బిడ్డా. దొంగతనం చెయ్యాలె," అంది అనసూయమ్మ. "నేను అటు మొఖం పెట్టి నిలబడ్త. నువ్వు ఇరుచుకొని పో."

"పిల్లనేం జెయ్యాలె అమ్మా?"

"ఇటియ్యి."

పిల్లను ఎత్తుకుని ఆమె అటు తిరిగింది. మనీష కొమ్మ మీద చెయ్యి వేసింది. ఈలోపు అనసూయమ్మ భుజం మీంచి భాగ్య సందంతా వినబడేట్టు, "అమ్మ పువ్వు దొంగ," అంది.

"నాకు చెవుడొచ్చింది," అంది అనసూయమ్మ తిరగకుండానే. "జల్ది కానియ్యి."

పని కానిచ్చి, పిల్లను అందుకుంటూ మనీష అలవాటుగా థాంక్సమ్మా అనేసింది. అనసూయమ్మ నెత్తి కొట్టుకుంది. ఏ దొంగన్నా థాంక్స్ చెప్తాడా, చేసిన దొంగతనమంతా గంగల కలిసింది అంది. ఆ కొమ్మా ఎండింది. మూడోసారి మనీష పెదవులు బిగబట్టి తెచ్చి నాటింది. నాలుగు రోజుల్లో చిగురేసింది. అప్పటికి వానలు మొదలైన సంగతి ఇద్దరూ లెక్కలోకి తీసుకోలేదు.

మరుసటి ఏటికి తీగ రేకులన్నిటినీ మింగేసింది. పళ్లు మాయమైనందుకు భాగ్య ఒక పూటంతా ఏడ్చింది. జగదీశ్వర్ గారు ఆ పూల ముందు నిలబడి ఫొటో దిగి, కంచె సమస్య పరిష్కారమైందని అసోసియేషన్ గ్రూపులో పెట్టారు. తుప్పు భయం తీరిన మనీష ఆ రోజే తేనెటీగల భయం మొదలుపెట్టింది.

ఆ ఎండాకాలమే అనసూయమ్మ గేటుకు వెల్డింగ్ చేయిస్తే, నిప్పురవ్వలు పడి తల్లి తీగ మాడిపోయింది. మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె పూజకు పూల కోసం పాలిథిన్ కవరు, కొక్కెం కర్రతో మనీష కంచె దగ్గర ప్రత్యక్షమైంది. ఎన్ని కావాలంటే అన్ని తెంపుకోండమ్మా అంది మనీష.

"ఇస్తే పుణ్యం సగం సగం పంచుకోవాల్సొస్తది. దొంగిలిస్తే మొత్తం నీకే. అటు తిరుగు."

తిరగడమంటేనే మనీషకు హడలు. చివరికి పిల్లను భుజాన వేసుకుని తిరిగింది. వెనక ఏం జరుగుతున్నదీ భాగ్య చెబుతూ ఉండేది: అవ్వ తెంపింది, అవ్వ ఇంకోటి తెంపింది, అవ్వ తుమ్మింది. రోజూ అదే తంతు. ఒకరు వీపు తిప్పుకుని నిలబడ్డం, ఒకరు దోచుకోవడం చూసి, ఇంత మర్యాదగల దొంగతనం హైదరాబాద్‌లో ఎక్కడా లేదన్నాడు సంతోష్.

మొన్న కార్తీకంలో ఒక పొద్దున మనీష యథాప్రకారం తిరిగి నిలబడింది. కవరు చప్పుడు లేదు. నియమం నియమమే గనక తిరిగి చూడలేదు. లోపల పాలు పొంగి పొయ్యి మీద పోయాయి.

"అవ్వ తెంపుతుందా?" అని అడిగింది.

"అవ్వ రాలే," అంది భాగ్య.

మనీష చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. అనసూయమ్మ ముందటి రాత్రి బాత్రూంలో జారి, పాకుతూ తలుపు గడియ వరకు వచ్చి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. ఫోనేమో టీవీ మీద ఉంది. మనీష భయపడ్డదే జరిగింది. జరిగింది మాత్రం పిల్లకు కాదు.

చీలమండ విరిగింది. డాక్టరు రెండు నెలలు నడవొద్దన్నాడు. అప్పటి నుంచి మనీషే రోజూ గుప్పెడు పూలు తీసుకుపోతుంది. అనసూయమ్మ కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటుంది. మనీష పూలు కిటికీలో పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది.

ఇప్పుడు మనీష తమ్ముడి పెళ్లికి పది రోజులు ఊరికి పోవాలి. గేటు దగ్గర సంతోష్ ఉంటాడు గాని, అతణ్ణి నమ్ముకుంటే పూలు మూడో రోజుకే మర్చిపోతాడు. కనుక పొద్దున ఆరింటికి మీరెవరన్నా అటు నడకకు పోతే, రేకుల కంచె మీంచి నాలుగు గుత్తులు తెంపండి. అడగొద్దు, థాంక్స్ చెప్పొద్దు. రెండు సందుల అవతల, వెల్డింగ్ మచ్చలున్న గేటు. కిటికీలో పూలు పెట్టి, లోపల అనసూయమ్మ అటు తిరిగి కూర్చుని ఉందో లేదో ఒక్కసారి చూడండి. కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం తలుపు కొట్టండి.