దిండు గలీబులో వర్షారణ్యం

మా ఇంటినుంచి ఎవరు వెళ్ళిపోయినా ఆ రోజు పేపరు దాచుకోవడం నాకు అలవాటు. అది మా కూతురు హుమేరాను పాకాల సంబంధానికి ఇచ్చి పంపిన రోజు మొదలైంది. రైలు కదిలిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఆ పిల్ల పరుచుకుని కూర్చున్న పేపరు మాత్రం నా చేతిలో మిగిలింది. పారేయబుద్ధి కాలేదు. అప్పటికి నాకు చదువు రాదు. మా ఆయన లాల్ బాషా పరుపుల దుకాణంలో దూది ఆరబెట్టుకుంటూ ఉంటే పక్కన కూర్చుని, ఆ పేపరులోనే ఒక్కో అక్షరం అడిగి అడిగి నేర్చుకున్నాను. నేను మొదట చదివిన పెద్ద మాట 'నిర్లక్ష్యం'. ఆయన విసుగుపడ్డాడు గానీ చెప్పడం మానలేదు.

ఆ తర్వాత మా ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళకు కొదవేముంది? పైగదిలో అద్దెకున్నవాళ్ళు వెళ్ళారు. ఎదురింటి మునెమ్మ రేణిగుంటకు మారిపోయింది. మేకను అమ్మేశారు. లాల్ బాషా వెళ్ళిపోయాడు. పాత ఫ్రిజ్జును తీసుకుపోయిన రోజు కూడా పేపరు మడిచి పెట్టె తెరిచాను.

"ఫ్రిజ్జుకు కూడానా అత్తమ్మా?" అంది నా కోడలు గుల్నాజ్.

"పద్నాలుగేండ్లు ఉన్నింది మే మనింట్లో," అన్నాను.

అలా నా ట్రంకు పెట్టెలో నలభై మూడు పేపర్లు చేరాయి.

రెండేళ్ళుగా మా పైగదిలో ఉంటున్న పిల్ల పవిత్ర. నగరి పిల్ల. వాళ్ళ నాయనకు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. తిరుపతిలో విశ్వవిద్యాలయంలో చెట్లమీద పరిశోధన చేస్తోంది. ఆమె చేరిన ప్రాజెక్టు పేరు రెండు వరుసల పొడవుంటుంది. నాలుగు దేశాల విశ్వవిద్యాలయాలు చేరి, ఒకదాని సామర్థ్యం ఒకటి పెంచుకుంటూ, ఉష్ణమండల వర్షారణ్యాలను కాపాడాలట. మా తిరుపతిలో ఎండ తప్ప ఏముంది, ఇక్కడివాళ్ళు వర్షారణ్యాన్ని కాపాడటమేమిటని నాకు అనుమానం.

"ఆడ అడవి ఉండాది అవ్వా, చదివేవాళ్ళు తక్కువ. ఈడ చదివేవాళ్ళుండారు, అడవి లేదు. అందుకని కలిపినారు," అంది పవిత్ర.

"పెండ్లి సంబంధం మాదిరి."

"అంతే. పెండ్లి పెద్ద మా ప్రేమానందం సారు."

ఆ సారును నేను చూశాను. ప్రాజెక్టు మొదలైన రెండేళ్ళలో ఏడు వర్క్‌షాపులు జరిపించాడు. అన్నింటికీ బ్యానర్లు, పూలగుత్తులు, మధ్యాహ్నం భోజనాలు. అడవికి మాత్రం ఒక్కసారీ పోలేదు. జలగలంటే భయమట.

అందుకని పవిత్రే పోయింది. పడమటి కనుమల్లో వాన ఆగని అడవికి, నలభై రోజులు. పోయే రోజు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుంది.

"అవ్వా, పాత పేపర్లు కావాల. కొమ్మల్ని పేపర్లో పెట్టి అదిమితే తేమంతా పీల్చుకుంటాది. నున్నటి కాయితం పనికిరాదు. అంగట్లో నిన్ననే అంతా తూకానికి పోయిందంట. వీధిలో అందరూ ఫోన్లోనే సదువుతుండారు."

ఆ పిల్ల చూపు నా ట్రంకు పెట్టె మీదే ఉంది. నేను పెట్టె మూత మీద చెయ్యి వేశాను. కానీ రైలుకు టైమవుతోంది. పైగా అడుగుతున్నది పవిత్ర, కాదనలేక పెట్టె తెరిచాను.

"నా పేపర్లు నాకు మల్లా రావాల. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

"ఒట్టు అవ్వా."

నలభై రోజులూ నేను ఆ పిల్లకోసం భయపడ్డానో, పేపర్లకోసం భయపడ్డానో చెప్పలేను. రెండూ క్షేమంగా వచ్చాయి. ఒక్కో పేపరు మడతలో ఒక్కో కొమ్మ. అన్నిటినీ రెండు చెక్క చట్రాల మధ్య పేర్చి బెల్టుతో బిగించింది. మా అబ్బాయి జానీ బాషా దుకాణంలో నాలుగు పరుపుల కింద వాటిని పెట్టించాడు.

ఆదివారం పవిత్ర వాటిని దుకాణం నుంచి ఇంటికి తెచ్చిపెట్టి, ఊరికి బయల్దేరుతూ చెప్పింది. "బాగా ఎండినాయి అవ్వా. బేస్తవారం బోర్నియో నుంచి పెద్ద మేడమ్ వస్తాది. ఆమెకు ఇవి నచ్చితే నన్ను ఏడాదిన్నర వాళ్ళ విశ్వవిద్యాలయానికి తీసుకుంటారు. లేకుంటే మా నాయన మగ్గం కాడ కూర్చోబెడతానంటుండాడు. నేను బుధవారం పొద్దునే వచ్చి అట్టలకు అంటిస్తా."

సోమవారమంతా ఓర్చుకున్నాను. మంగళవారం నాకనిపించింది: ఆకులు ఎండాయి. ఇక పేపర్లతో పనేముంది? నావి నా ఇంటికి వచ్చాయి. బెల్టు విప్పాను. ఒక్కో పేపరు తెరవడం, ఆకు ఎత్తడం, కింద ఉన్న వార్త చదువుకోవడం, పేపరు పెట్టెలో పెట్టడం. ఆకులు పాడవకూడదని కొత్త దిండు గలీబు తెచ్చి పెద్దవి కిందా చిన్నవి పైనా పేర్చాను. ఎంత పొందికగా పెట్టానో చూసి నాకే ముచ్చటేసింది.

బుధవారం పవిత్ర ఆ గలీబులోకి చూసి నేలమీద కూర్చుండిపోయింది.

"అవ్వా, పేపరు మూల పెన్సిల్తో నెంబర్లుండె. సూడలేదా?"

"సూసినాను."

"ఆ నెంబరే ఆకుకు పేరు. ఏ కొండమీద ఏ వాగు పక్కన ఏ చెట్టు అనేది ఆ నెంబరు కిందే పుస్తకంలో రాసినాను. ఇప్పుడు ఏ ఆకు ఏ పేపర్లోదో ఎట్ల తెలిసేది?"

మా ఇంట్లో మేం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం. పవిత్ర ముందు మాత్రం గుల్నాజ్ నన్ను తెలుగులో తిడుతుంది, ఆ పిల్లకు కూడా అర్థం కావాలని.

"నీకు తెలీదు పవిత్రా. కావాల్సికొనే చేసింది మా అత్తమ్మ. నువ్వు పోకూడదని. ఎవరూ పోకూడదు ఈమెకు. పక్కింటి పిల్లి పోతేనే మూడు దినాలు అన్నం తినలేదు."

కాదని నేను ఒట్టు వేయలేను. ఎందుకంటే మూడో పేపరు తెరిచినప్పుడు ఆ పెన్సిల్ అంకె చూసి నేను ఆగాను. దేనికో ఒకందుకు వేసుంటుంది, రేపు అడిగి తీద్దామనుకున్నాను. కానీ ఆగలేదు, తీసేశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

పదకొండింటికి ప్రేమానందం సారు వచ్చాడు. మర్నాడు మేడమ్ వస్తుందని చేతిలో బ్యానర్ చుట్ట, చంకలో పూలగుత్తులు. గలీబు చూసి తల పట్టుకున్నాడు.

"నాలుగు దేశాలు, రెండేండ్లు, ఏడు వర్క్‌షాపులు! అంతా దిండులో పడిపాయె కదమ్మా!"

కాసేపటికి తేరుకుని గొంతు తగ్గించాడు. "పవిత్రా, ఒక పని చెయ్. ఏదో ఒక నెంబరు ఎయ్యి. అన్నీ పచ్చనాకులే కదా. ఆ మేడమ్‌కేం తెలుసు?"

పవిత్ర లేచి నిలబడింది. "తప్పు నెంబరేస్తే ఆ చెట్టు యాడుండాదో ఎవురికీ తెలీదు సార్. రేపు ఆడ నరికేసినా పోయింది ఏ చెట్టో తెలీదు. కాపాడేది ఇంక దేన్ని? నేను మగ్గం కాడికే పోతాను గానీ ఆ పని చెయ్యను."

ఊరూ పేరూ లేకుండా తప్పిపోయిన మనిషిలా ఉంటుందన్నమాట ఆకు బతుకు. 'కనబడుటలేదు' ప్రకటనలు నేను ఒక్కటీ వదలకుండా చదువుతాను. నాకు ఆ మాట బాగా తగిలింది. లేచి ట్రంకు పెట్టె తెరిచి నలభై మూడు పేపర్లూ నడవలో పరిచాను.

"రాండి. కూర్సుండండి."

పవిత్ర పుస్తకం తెచ్చింది. పువ్వున్న కొమ్మలు, కాయలున్నవి, పేపరు మీద చెమ్మ మరక స్పష్టంగా పడినవి, ఇలా ముప్పై ఒకటి కుదిరాయి. పన్నెండు మిగిలిపోయాయి. ఆ పన్నెండూ అక్కచెల్లెళ్ళలా ఒకే తీరుగా ఉన్నాయి. పొడుగాటి ఆకు, చివర సన్నటి తోక. వాన నీళ్ళు జారిపోవడానికి ఆ అడవిలో ఆకులన్నిటికీ తోకలుంటాయట.

"ఇవి నావల్ల కాదు," అంది పవిత్ర.

నేను ఒకటి చేతిలోకి తీసుకున్నాను. "ఇది మేక పోయిన రోజుది."

సారు ఉలిక్కిపడ్డాడు. "ఏం మేకమ్మా?"

"మా మేక. ఆ పొద్దు పేపర్లో ఒకాయన్ది పెద్ద ఫోటో వచ్చింది. ఈ కాడ సరిగ్గా ఆయన మూతిమీద మీసం మాదిరి ఉన్నింది. తీస్తే మీసం లేదు. నవ్వొచ్చింది."

పెట్టి చూశారు. మీసం అతికినట్టు సరిపోయింది. మరకతో సహా. సారు కింద కూర్చుని బ్యానర్ పక్కన పెట్టాడు.

"ఇది మునెమ్మ పోయింది. రేణిగుంటలో గోడౌను తెరిచిన వార్త, ఆకు అడ్డమొచ్చి సగమే కనపడె. ఇది కుట్టుమిషను. ఇది ఫ్రిజ్జు."

"ఫ్రిజ్జు ఎట్ల పోయిందవ్వా?" అని సారు నన్ను అవ్వా అన్నాడు. అప్పటిదాకా అమ్మా అంటున్నాడు.

"తీసకపోయినారు నాయనా. ఏం చెప్పమంటావు."

అన్నీ అలాగే కుదురుతూ వచ్చాయి. మధ్యలో పవిత్ర ఒక కొమ్మను పుస్తకంతో సరిచూసి ముఖం చిట్లించింది. "పంతొమ్మిదో నెంబరు, అడవి దాల్చిన. ఆరాకులని రాసినాను. ఐదే ఉండాయి."

గుల్నాజ్ అటు తిరిగి గిన్నెలు సర్దసాగింది.

"గుల్నాజక్కా?"

"నిన్న పలావులోకి బిర్యానీ ఆకు లేకపాయె," అంది గుల్నాజ్ గోడతో చెబుతున్నట్టు. "గలీబులో ఉంటే ఇంటిదే అనుకుంటి. ఒక్కటే తుంచినా."

"వాసనొచ్చిందా?"

"ఘుమఘుమలాడింది. మీ అన్న రెండుసార్లు పెట్టించుకున్నాడు."

"అయితే పంతొమ్మిదే!" అని పవిత్ర టిక్కు పెట్టుకుంది.

చివరికి రెండు కొమ్మలు, రెండు పేపర్లు మిగిలాయి. ఒకటి లాల్ బాషాను ఆస్పత్రికి తీసుకుపోయిన రోజుది. అక్కడే నా చెయ్యి ఆగిపోయింది. ఆ పేపరు నేను మంగళవారం గబగబా మూసేశాను. కళ్ళద్దాలు తుడుచుకుని రెండు కొమ్మలూ వెలుతురుకు పట్టి చూశాను. ఒకదాని ఆకుకు పురుగు తిన్న చిల్లు ఉంది. గుర్తొచ్చింది.

"దీన్ని రాశిఫలాల మీద పెట్టు. ఇంకొంచెం కిందికి."

పవిత్ర జరిపింది. చిల్లులోంచి సరిగ్గా ఒక్క మాట కనబడింది. 'ప్రయాణం.'

"ప్రయాణం అనుకూలం అని రాసినాడు ఆ పొద్దు," అన్నాను. "పోయినోడు మల్లా రాలేదు."

ప్రేమానందం సారు పూలగుత్తి ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు, ఏం చేయాలో తోచక కాబోలు.

గురువారం మేడమ్ వచ్చింది. పొట్టి మనిషి, అడవిలో నడిచినట్టే వేగంగా నడుస్తుంది. పవిత్ర ఏదీ దాచలేదు. గలీబు, పలావు, మేక, అంతా చెప్పింది. మేడమ్ నన్ను పిలిపించమంది. జానీ బాషా నన్ను బండిమీద తీసుకుపోయాడు. ఆమె చిల్లున్న ఆకును తానే పేపరుమీద పెట్టి చూసి, ఆ మాటకు అర్థమేమిటని అడిగింది. పవిత్ర చెప్పింది. మేడమ్ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సారు ఉండబట్టలేక ముందుకొచ్చాడు.

"స్థానిక ప్రజల భాగస్వామ్యం, మేడమ్! ఇది మా ఎనిమిదో వర్క్‌షాపు!"

నివేదికలో నా పేరు వేశారు. 'శ్రీమతి షహర్‌బాను, స్థానిక జ్ఞాన నిపుణురాలు' అని. ఆకులన్నీ అట్టలకెక్కాక నలభై మూడు పేపర్లూ లెక్కపెట్టి తీసుకున్నాను.

పవిత్రకు పిలుపు వచ్చింది. నెలన్నరకు రేణిగుంటలో విమానం ఎక్కింది. నేను విమానాశ్రయానికి పోలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ "పేపర్లేమన్నా ఇస్తావా అవ్వా?" అని నవ్వింది. "ఆడ వాళ్ళ పేపర్లు ఉంటాయి, పో," అన్నాను.

కారు మలుపు తిరిగాక లోపలికి వచ్చి కూర్చున్నాను. అడగకుండానే గుల్నాజ్ ఆ రోజు పేపరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"పెట్టుకో అత్తమ్మా. తెల్లార్తోనే లేసి అంగడికి పోయి తెచ్చినా, అమ్ముడుపోతాయని."

మొదటి పేజీ నిండా నగల దుకాణం ప్రకటన. చదవడానికి ఒక్క ముక్క లేదు. పెన్సిల్ తీసుకుని పేపరు మూల నలభై నాలుగు అని వేశాను. తర్వాత రాశిఫలాలు తెరిచాను. పవిత్రది ఏ రాశో అడగడం మర్చిపోయాను. అందుకని పన్నెండూ చదివాను. ఎనిమిది రాశులకు ప్రయాణం బాగుందని ఉంది. మిగిలిన నాలుగూ నగరివాళ్ళవి కావని నిర్ణయించుకుని పేపరు మడిచి పెట్టెలో పెట్టాను.