చిన్నకూతురు చచ్చిపోవాల్సిన నాటకం

మా నాటకం రాసింది మా ముత్తాత సత్తియ్య కాదని నేను కనిపెట్టి చెప్పిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం మానేయలేదు. మా తాత రామ్మోహనరావు ఇంకో గరిటె పప్పు కూడా వేయించుకున్నాడు. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

కనిపెట్టింది విశాఖలో, మా ఇంగ్లీషు లిటరేచర్ క్లాసులో. అసలు రాసినాయన పేరు మీకు చెప్పక్కర్లేదు, పోయి నాలుగు వందల ఏళ్లు దాటినా ఇప్పటికీ పరీక్షల్లో పిల్లల్ని ఏడిపిస్తున్న ఇంగ్లీషు నాటకాలాయనే. మేడమ్ కథ చెబుతోంది. ముసలి రాజు, ముగ్గురు కూతుళ్లు. నా మీద ఎవరికెంత ప్రేమో చెప్పండి, రాజ్యం పంచేస్తానంటాడు. పెద్దవాళ్లిద్దరూ పోటీలుపడి పొగుడుతారు, చిన్నది పొగడదు, దాన్ని వెళ్లగొడతాడు, తర్వాత ఆ పెద్దకూతుళ్లే తండ్రిని గాలివానలో వదిలేస్తారు. నేను బెంచీలోంచి లేచి నిలబడిపోయాను. ఇది మా నాటకం! రాజు బదులు బెల్లం వర్తకుడు, రాజ్యం బదులు మూడు కొట్లు, అంతే తేడా! ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్య జాతరకి అనకాపల్లిలో మా బెల్లం మార్కెట్ యార్డులో ఏటా ఆడేది ఇదే. దానికి పుస్తకం లేదు, ఒకరు ఆడగా చూసి ఇంకొకరు నేర్చుకున్నదే. ఫ్లెక్సీ మీద మాత్రం ఏటా ఒకే మాట. రచన: సత్తియ్య గారు.

ఇదంతా తాతకి ఒక్క ఊపిరిలో చెప్పాను.

“అయితే ఏటంటావే కన్యకా? మా నాన్న దొంగంటావా?”

“దొంగ అన్లేదు తాతా. అసలు రాసినాయన పేరు ఫ్లెక్సీ మీద ఉండాలంటున్నాను.”

“మీ దొర పేరా?”

“తాతా, ఆయన నాటకాలు ఆడని దేశం లేదు తెలుసా!”

“ఆ కథ మరాయన సొంతంగా పుట్టించేడా?”

ఇక్కడ కొంచెం తడబడ్డాను. ఎందుకంటే పుట్టించలేదు. పాత కథలే తీసుకుని తిరగరాశాడని మేడమే చెప్పింది. పైగా ఆ నాటకాలు అసలు ఆయన రాయనే లేదని, ఎవరో పెద్దింటాయన రాసి ఈయన పేరు పెట్టాడని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. అదీ చెప్పేశాను, ఎవరూ అడక్కుండానే.

తాత కంచంలోంచి తలెత్తాడు. “అంటే రాసేడో లేదో తేలని దొర కోసం మా నాన్న పేరు తీసెయ్యమంటావు. బావుందే నీ లిటరేచరు. ఆ పెరుగిలా వెయ్.”

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత పెరుగన్నం కలిపిందే కలిపాడు. జాతర అయిపోయాక ఆ ఫ్లెక్సీ ఏడాదంతా మా బెల్లం కొట్టు ముందే ఉంటుంది. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే తాత ముందు ఆ పేరుకి దండం పెట్టుకుంటాడు, దేవుడు తర్వాతే. ముత్తాతది ఒక్క ఫొటో కూడా లేదు మాకు. తాతకి ఆ అక్షరాలే ఫొటో. నాకదంతా తెలుసు. తెలిసినా ఆగలేకపోయాను, నిజం నిజమే కదా!

“ఇంకోటి తాతా. అసలు నాటకంలో చిన్నకూతురు చచ్చిపోతుంది. ఆ శవాన్ని చూసి తండ్రి గుండె పగిలి పోతాడు. గొప్పంతా ఆ చావులోనే ఉంది! మనవాళ్లు దాన్ని బతికించి, తండ్రీకూతుళ్లని బండెక్కించి, మంగళం పాడేశారు.”

తాత చేయి కడుక్కుని వచ్చి తీరిగ్గా కూర్చున్నాడు. “సరే. ఈ ఏడు చిన్నకూతురు వేషం నువ్వే కట్టు. మీ దొర చంపినట్టే చచ్చిపో. జనం కళ్లొత్తుకుని ఇళ్లకెళ్తే మీ దొర పేరే రాయించేత్తాను. అలా కాలేదా, మా నాన్న పేరు ఉంటాది, మరి నువ్వు మాటాడకూడదు. రచన పక్కన ఖాళీ ఒగ్గేయమంటాను, నాటకం అయ్యేక రాద్దాం.”

ఎగిరి గంతేశాను.

రిహార్సల్స్ మా మేడ మీద. తండ్రి వేషం ఏటా కట్టే నానాజీ మామది. అచ్యుతాపురం కంపెనీలో పని, బస్సు దిగి నేరుగా వచ్చేవాడు, మెళ్లో ఐడీ కార్డుతోనే ఏడ్చేవాడు. పెద్దకూతురు మా శ్రీదేవి అత్త. “నాన్నా, నువ్వు బెల్లం దిమ్మవైతే నేను చీమని. పట్టుకుంటే వదల్ను” అనేది ఆవిడ డైలాగు. దానికి చిన్నది, “ప్రేమకి కూడా వేలం పాటేనా నాన్నా?” అంటుంది. ఏటా చప్పట్లు పడేది అక్కడే.

“నువ్వు నిజింగా కింద పడుకుంతావేటి పాపా?” అన్నాడు నానాజీ.

“చచ్చిపోయిన మనిషి పడుకోకుండా ఎలా మామా?”

“పడుకో, పడుకో. ఎంతసేపు?”

“నీ ఏడుపు అయ్యేదాకా.”

“నా ఏడుపు పెద్దదే” అని శ్రీదేవి అత్త వైపు చూశాడు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“కాళ్లకీ చేతులకీ దట్టంగా పసుపు రాసుకోయే పిల్లా” అంది అత్త. “నా మాటిను.”

“నేను చచ్చిపోతున్నానత్తా, పేరంటానికి వెళ్లట్లేదు!”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వీళ్లకి ట్రాజెడీ అర్థం కాదులే అనుకున్నాను.

జాతర రోజు మధ్యాహ్నం వేలం ముగిసి, దిమ్మలన్నీ లారీలెక్కాక, యార్డులో అరుగు కడిగి దాన్నే స్టేజీ చేశారు. పైన ఫ్లెక్సీ, రచన పక్కన ఖాళీ. “రాసినోడు పారిపోయేడేట్రా!” అని జనంలోంచి ఎవరో అరిచారు. ముందు వరసలో కూర్చున్న తాత నవ్వలేదు. ఆ ఖాళీనే చూస్తున్నాడు.

సాయంత్రం లైట్లు వేశారు. అంతా అద్భుతంగా నడిచింది, నా వేలం పాట డైలాగుకి ఈలలు కూడా! చివర్న పద్యం పాడి, ఒరిగి, చచ్చిపోయాను. వెంటనే “వన్స్ మోర్!” అని కేకలు. చచ్చిపోయిన వేషం లేచి, మళ్లీ పద్యం పాడి, మళ్లీ చావడం మా దగ్గర ఆచారం. నేను లేవలేదు. ఇది ట్రాజెడీ.

నానాజీ నా పక్కన కూలబడి మొదలెట్టాడు. ఎంత బాగా ఏడ్చాడంటే జనం నిజంగానే నిశ్శబ్దమైపోయారు. ఎక్కడో ఎవరో ముక్కు ఎగబీల్చారు. గెలిచేశాను అనుకున్నాను.

అప్పుడు మడమ మీద చురుక్కుమంది.

పైపైన కడిగారు గానీ, ఎన్నో ఏళ్ల బెల్లం ఆ అరుగు పగుళ్లలో ఊరి ఉంది. లైట్ల వేడికి అది మెత్తబడినట్టుంది, చీమలు బారులు కట్టాయి. మోకాలు. మోచెయ్యి. మెడ. పళ్లు బిగించాను. ఆ ఇంగ్లీషాయన్ని తలుచుకున్నాను. నానాజీ నా మీదకి వంగి, “ఓ నా తల్లీ!” అని గుండెలు బాదుకుంటూనే మధ్యలో నా చెవి మీద ఉఫ్ఫని ఊదాడు. “లెగిసిపో పాపా, సెవిలోకి దూరతంది” అని గొణిగాడు.

దూరింది!

కెవ్వుమని లేచి గంతులేశాను. యార్డు దద్దరిల్లిపోయింది. “బతికిందిరోయ్! సిన్నమ్మి బతికింది!” విజిళ్లు, తువ్వాళ్లు గాల్లోకి. నానాజీ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “వచ్చీసేవా తల్లీ!” అని నన్ను పట్టుకుని పాత పద్యం ఎత్తుకున్నాడు, శ్రీదేవి అత్త మంగళం అందుకుంది. నేను గోక్కుంటూ బండెక్కాను.

నాటకం అయ్యాక తాత కొబ్బరినూనె సీసాతో వచ్చాడు. ముందే తెచ్చి పెట్టుకున్నాడు!

“తాతా, నీకు తెలుసు కదూ?”

“మా నాన్న కూడా మొదటేడు చంపేడే. ఈ కథ ఓ ఇంగ్లీషు మేష్టారు చెప్పిందే అని అందరికీ చెప్పేవోడు, దాపరికం లేదు. అప్పట్లో ఆడవేషాలు మగాళ్లే కట్టేవారు కదా, చిన్నకూతురు ఆయనే. ఇదే అరుగు మీద చచ్చిపోయేడు. ఇలాగే లెగిసిపోయేడు.” చేతిలో నూనె పోసుకుంటూ ఆగాడు. “చూసినోళ్లకి అది చీమలనిపించలేదంట. పిల్ల బతికిందని ఏడిసేరంట. మర్నాటికి బతికే పద్యం ఆయనే కట్టేడు. అది ఏ దొరా ఇవ్వలేదే.”

నేను మార్కర్ తెచ్చి, కుర్చీ ఎక్కి, సత్తియ్య గారు అని ఖాళీ అంతా నిండేలా రాయబోయాను.

“ఆగు. కింద కొంచెం చోటు ఒగ్గేయ్” అన్నాడు తాత. “మీ దొరది కూడా రాయి. పాపం అంత దూరం నుంచొచ్చేడు. చిన్నచ్చరాల్తో.”